పెద్ద కుక్కల కొలతలు

ఇల్లు, ముందుగది
మార్చి 4

చిట్టికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. మీ తాతయ్య క్షేమం, నేను క్షేమం. ఆర్నెల్ల ట్రైనింగని చెప్పి నువ్వు మా మెడకి తగిలించి వెళ్ళిన కుక్కపిల్ల క్షేమమో కాదో ఇంకా తేలలేదు. అది తేలేదాకా "అందరం" అని రాయను.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ పక్కవాళ్ళతో మాట్లాడుతుంటావు. కాగితమైతే కూచుని చదవాలి, కూచుని జవాబు రాయాలి. అందుకని దీని ఆరోగ్యం సంగతులన్నీ ఉత్తరాల్లోనే.

జరిగింది చెబుతాను. సోమవారానికి దానికి నాలుగు నెలలు నిండాయి. టీకా వేయించడానికి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నీకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, అంతే. చెవులు చూసింది, పళ్ళు చూసింది, పొట్ట నొక్కింది, "చక్కగా ఉందండీ" అంది. ఎలా తెలుసని అడిగాను. "చూస్తుంటే తెలుస్తోందిగా" అంది. నేను వాతావరణ కేంద్రంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పొద్దునా సాయంత్రం పాదరసం మట్టం చూసి రాసినదాన్ని. ఎండగా ఉందని ఆకాశం చూసి ఎవరైనా చెబుతారు. ఎన్ని డిగ్రీలో చెప్పడం వేరు. రక్తపరీక్ష చెయ్యమన్నాను. "జబ్బు లేని పిల్లకి ఎందుకండీ" అంది. జబ్బు లేదని కాగితం మీద ఉండాలి కాబట్టి, అన్నాను.

కాగితం వచ్చింది. ఇరవై రెండు అంశాలు. ఒక్కోదానికీ దీని అంకె ఒక పక్క, ఉండాల్సిన హద్దులు ఇంకో పక్క. పదిహేడు హద్దుల్లో ఉన్నాయి. ఐదు లేవు. భాస్వరం ఆరు దాటకూడదట, ఎనిమిది పాయింటు ఒకటి ఉంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఏదో ఎంజైము, నూటయాభై దాటకూడదు, రెండువందల పన్నెండు. ఎర్రకణాల శాతం ముప్పై ఏడుకి తగ్గకూడదు, ముప్పై నాలుగే ఉంది. ప్రోటీను ఐదు పాయింటు నాలుగు ఉండాలి, సరిగ్గా ఐదు. క్రియాటినిన్ అర ఉండాలి, పాయింటు నాలుగు.

డాక్టరమ్మ చూసి, "కొంచెం అటూ ఇటూ ఉన్నాయి, పర్వాలేదు, చిన్నపిల్ల కదా" అని కాగితం మడిచి నా చేతికిచ్చి ఇంకో కుక్కని పిలిచింది. పర్వాలేదు అన్నది కొలత కాదు. పర్వాలేకపోతే ఐదింటి పక్కనా ఎర్ర నక్షత్రాలెందుకు అచ్చేశారు?

దీన్ని మనకిచ్చిన బేకరీ ఆవిడ అన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ నెలాఖరులోపు ఏ లోపం కనబడినా తెచ్చివ్వండి, దీని తోబుట్టువు ఇంకొకటి నా దగ్గరే ఉంది, మార్చి ఇస్తాను అంది. నేను తొందరపడే మనిషిని కాను. కానీ తేదీ తేదీయే.

కుక్కపిల్లకి ఇవేవీ పట్టలేదు. నా ఎడమకాలి చెప్పు దాని నోట్లో ఉంది.

అమ్మమ్మ


కార్ఖానా హాస్టల్, రెండో అంతస్తు
మార్చి 11

అమ్మమ్మా,

కూచునే చదివాను. కూచునే రాస్తున్నాను. ఈ గదిలో నలుగురం, ఒకటే కుర్చీ. దాని కోసం ఒకమ్మాయి తల దువ్వుకోవడం అయ్యేదాకా ఆగాల్సొచ్చింది, అంచేత నా చేతిరాతని ఏమీ అనకు.

ముందు ఒక మాట. దానికి పేరుంది. బొత్తాం. నీ ఉత్తరంలో వెతికాను, ఒక్కచోటైనా లేదు. నీకు పేర్లు పెట్టి పిలవడం ఇష్టం లేకపోతే కనీసం బ్రాకెట్లో పెట్టు.

నువ్వు రాసిన ఐదు అంకెలూ నెట్లో కొట్టి చూశాను. మొదటిచోట కిడ్నీలన్నారు. రెండోచోట లివరన్నారు. మూడోచోట ఎముకల్లో గడ్డ ఉండొచ్చన్నారు. నాలుగోచోట, మీ కుక్క గెంతుతోందా, తింటోందా, అయితే కాగితం పక్కన పెట్టండి అన్నారు. నాలుగోది చదివితే బావుంది, కానీ మూడోదే బుర్రలో ఉండిపోయింది. మధ్యాహ్నం షిఫ్టులో చొక్కా కాలరు కొలుస్తూ రెండుసార్లు తప్పు రాశాను. మా సూపర్‌వైజరక్క "ఏంటి, ఇంట్లో ఎవరికైనా బాలేదా" అంది. కుక్కపిల్లకి భాస్వరం ఎక్కువైందక్కా అంటే ఆవిడ చాలాసేపు నా మొహం చూసింది.

అది తింటోందా? నిద్రపోతోందా? ఇదివరకటిలా చీపురు చూస్తే దాని మీదకి ఉరుకుతోందా? అంకెలు కాదు, అవి రాయి. తాతయ్య ఏమంటున్నాడు?

ఇంకో సంగతి. మార్చి ఇవ్వడమేంటి అమ్మమ్మా? అదేమన్నా చొక్కానా? నేను మా కార్ఖానాలో ఇక్కడ కుట్టు తప్పినవాటిని తిప్పి పంపుతాను, అది నా ఉద్యోగం. బొత్తాం విషయంలో మాత్రం ఆ పని నువ్వు చెయ్యకు. నేను తిరిగొచ్చేసరికి ఆ బొత్తామే ఉండాలి, అలాంటి ఇంకోటి కాదు.

నీ చిట్టి


ఇల్లు, ముందుగది
మార్చి 19

చిట్టికి ఆశీస్సులు.

అడిగినవాటికి వరసగా జవాబు. తింటోంది. నిద్రపోతోంది. చీపురు పుల్లలు సగం ఊడిపోయాయి. మీ తాతయ్య ఏమీ అనరు. రైల్వే సిగ్నల్ కేబిన్లో ఉద్యోగమంతా ఒక్కరే కూచుని గడిపిన మనిషి, ఇప్పుడు కొత్తగా ఏమంటారు? పొద్దునొకసారి, సాయంత్రమొకసారి దాన్ని నడకకి తీసుకెళ్తారు. దానితో ఆయనకున్న పని అంతవరకే.

నేను మాత్రం చూస్తూ ఊరుకోలేదు. మన అల్మైరాలో ఉన్న పెద్ద ఆరోగ్య గ్రంథం తీశాను. అది మనుషులది, తెలుసు. అయినా భాస్వరం భాస్వరమే కదా. భాస్వరం పెరిగితే గుడ్డు, మాంసం, పాలు తగ్గించమని ఉంది. సరే అనుకున్నాను. ఇంకో ఇరవై పేజీలు తిప్పితే, ప్రోటీను తగ్గితే గుడ్డు, మాంసం, పాలు పెంచమని ఉంది. ఒకే గ్రంథం, ఒకే రచయిత. ఆ రెండు పేజీల మధ్యా వేలు పెట్టుకుని ఆ పూటంతా కూచున్నాను. కాఫీ చల్లారిపోయింది.

చివరికి ఒక నిర్ణయం తీసుకున్నాను. ఎక్కువైనది ప్రమాదమా, తక్కువైనది ప్రమాదమా అంటే, ఎక్కువైనవి హద్దుని బాగా దాటాయి, తక్కువైనవి ఇంచుమించు హద్దు దగ్గరే ఉన్నాయి. కాబట్టి ఎక్కువైనవే ముందు. పన్నెండో తేదీ నుంచి గుడ్డు మానిపించాను. కుక్కపిల్లల గుళికలు మూడో వంతు తగ్గించాను. ఆ ఖాళీకి ఉడికించిన క్యారెట్టు పెడుతున్నాను. ప్రతి పూటా ఎన్ని గ్రాములు వేసిందీ, ఎన్ని గ్రాములు వదిలిందీ పుస్తకంలో రాస్తున్నాను. క్యారెట్టు వదిలేస్తోంది.

బరువు కూడా బల్ల కాటా మీద తూచి రాస్తున్నాను. నాలుగో తేదీ ఆరు కిలోల నాలుగువందల ఇరవై గ్రాములు. పన్నెండున ఆరు కిలోల ఏడువందల తొంభై. ఈరోజు ఏడు కిలోల నూటముప్పై. తిండి తగ్గించాక కూడా ఇదివరకటి వేగంతోనే ఎందుకు పెరుగుతోందో నాకు అర్థం కాలేదు. మళ్ళీ రెండుసార్లు తూచాను. కాటా సరిగానే ఉంది.

వచ్చే వారం రెండో పరీక్ష. ఈసారి పన్నెండు గంటలు ఏమీ పెట్టకుండా చేయించాలని నేనే అనుకున్నాను. మొదటిసారి అది తినొచ్చింది. అందువల్ల ఏమైనా తేడా వచ్చిందేమో చూడాలి.

మార్చడం గురించి నువ్వు రాసింది చదివాను. నేను దేన్నీ చొక్కా అనుకోవడంలేదు. జబ్బున్న పిల్లని నువ్వు వచ్చేదాకా దాచి ఉంచి, వచ్చాక చేతిలో పెట్టడం దయ అని నువ్వనుకుంటే అది నీ ఇష్టం.

అమ్మమ్మ


కార్ఖానా హాస్టల్, రెండో అంతస్తు
మార్చి 27

అమ్మమ్మా,

తిండి తగ్గించావా? డాక్టరమ్మని ఒక్క మాట అడిగావా? అడగలేదని నాకు తెలుసు, ఎందుకంటే నేను అడిగాను. నిన్న టీ విరామంలో ఆవిడకి ఫోన్ చేశాను. నీ పేరు చెప్పక్కర్లేకపోయింది, "రక్తం కావాలన్న అమ్మమ్మగారా" అంది.

ఆవిడ చెప్పింది రాసేముందు మా దగ్గర జరిగింది చెప్తాను, లేకపోతే నీకు కోపమొస్తుంది.

నా బల్ల మీద ఒక టేపు, ఒక ఎర్ర పెన్ను, ఎదురుగా గోడకి సైజుల చార్టు. చార్టులో ఉన్న కొలతకి అర సెంటీమీటరు అటూ ఇటూ ఉంటే పంపించెయ్యాలి, అంతకు మించితే ఎర్ర గీత పెట్టి పక్కన పడెయ్యాలి. చేరిన నాలుగో రోజు ఒక కట్ట వచ్చింది. మొదటి చొక్కా తీశాను, చేతులు పొట్టి. రెండోది, మెడ ఇరుకు. మూడోది, పొడుగు చాల్లేదు. నలభై చొక్కాలకి ఎర్ర గీతలు పెట్టాను, లోపల్లోపల గర్వంగా కూడా ఉంది, ఎంత జాగ్రత్తగా పట్టుకున్నానో అని. అప్పుడు సూపర్‌వైజరక్క వచ్చి నా భుజం మీంచి చూసి, "అమ్మాయ్, ఇవి ఆరేళ్ళ పిల్లల చొక్కాలు. నీ ముందున్న చార్టు పెద్దవాళ్ళది" అంది. హాలంతా నవ్వారు. ఇప్పటికీ నన్ను ఎర్రపెన్నమ్మా అనే పిలుస్తారు. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు, నువ్వు నా మీద పెట్టుకున్న నమ్మకం పాడుచెయ్యడం ఎందుకని.

నీ కాగితంలో అచ్చయిన హద్దులు పెద్ద కుక్కలవట అమ్మమ్మా. ఆ మిషనుకి నాలుగు నెలల పిల్ల అయినా పదేళ్ళ ముసలిదైనా ఒకటే చార్టు. ఎముకలు పెరిగేటప్పుడు భాస్వరం ఎక్కువే ఉంటుందట, ఆ ఎంజైము కూడా పెరిగే ఎముకల్లోంచే వస్తుందట. ఎర్రకణాలు ఇంకా కొన్ని నెలలకి గానీ పెద్దవాటి లెక్కకి రావు. ప్రోటీను కూడా పెద్దయ్యేకొద్దీ పెరుగుతుంది. క్రియాటినిన్ కండల్ని బట్టి ఉంటుంది, దానికి కండలెక్కడివి? అందుకే ఆవిడ "చిన్నపిల్ల కదా" అంది. ఆవిడ చెప్పింది కారణమే, నీకు ఓదార్పులా వినిపించింది.

తిండి మళ్ళీ ఎప్పటిలా పెట్టెయ్. గుడ్డు కూడా.

నీ ఎర్రపెన్ను


ఇల్లు, ముందుగది
ఏప్రిల్ 8

చిట్టికి ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చేసరికి రెండో పరీక్ష అయిపోయింది.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. డాక్టరమ్మ దగ్గరికెళ్ళి కుక్కపిల్లల హద్దులు విడిగా ఉంటే ఇవ్వమన్నాను. వాళ్ళ పాఠ్యపుస్తకంలోంచి ఒక పేజీ జిరాక్సు తీసిచ్చింది. మొదటి కాగితం పక్కన పెట్టుకుని చూశాను. ఐదు నక్షత్రాల్లో నాలుగు ఎగిరిపోయాయి. ఎర్రకణాలొక్కటే రవ్వంత కిందుగా ఉంది. ఇది ముందే చెప్పి ఉంటే బావుండేదన్నాను. "చెప్పానండీ" అంది. అవును, చెప్పింది.

అంతటితో అయిపోతే ఈ ఉత్తరం అర పేజీ ఉండేది.

రెండో పరీక్షకి ముందురోజు సాయంత్రం ఏడు గంటలకి గిన్నె తీసేశాను. పొద్దున ఏడింటికి రక్తం తీశారు. సరిగ్గా పన్నెండు గంటలు. నీళ్ళు తప్ప ఏమీ లేవు. మీ తాతయ్య మామూలుగా నడకకి తీసుకెళ్ళి, అటునుంచటే ఆస్పత్రికి తెచ్చారు, నేను అక్కడికొచ్చి కలిశాను. మధ్యాహ్నం ల్యాబు నుంచి కాగితం. కింద ఒక వాక్యం చేత్తో రాసి ఉంది: నమూనా పాలలా తెల్లగా ఉంది. కొవ్వు నూటయాభై దాటకూడదు, నాలుగువందల పది.

డాక్టరమ్మ ఈసారి పర్వాలేదనలేదు. "పొద్దున ఏమీ తినలేదు కదండీ, గట్టిగా తెలుసా" అంది. నా పుస్తకం తీసి చూపించాను. ఆ అమ్మాయి పేజీలు తిప్పి, "ఇంత వివరంగా నేను కూడా రాయనండీ" అని, "నిజంగా ఖాళీ కడుపుతోనే ఉంటే మాత్రం చూడాల్సిన విషయమే" అంది. లోపలి గ్రంథులు సరిగా పనిచెయ్యకపోతే ఇలా ఉండొచ్చట. పెద్దాస్పత్రిలో స్కానింగు చేయించమంది. దానికి మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

బరువు ఏడు కిలోల తొమ్మిదివందల అరవై. గ్రాములు తగ్గించి పెడుతున్నాను, కిలోలు పెరుగుతున్నాయి. పొట్టలో నీరు చేరిందేమోనని రోజూ వేలితో నొక్కి చూస్తున్నాను. అది ఆటనుకుని వెల్లకిలా పడుకుంటోంది. రక్తంలో కొవ్వున్నప్పుడు తిండి పెంచడం సరికాదని, తగ్గించింది తగ్గించినట్టే ఉంచాను.

చిట్టీ, ఇది ఎవరికీ చెప్పలేదు. నాకేమీ అర్థం కావడంలేదు. మొదటిసారి తప్పంతా హద్దులదని తేలింది, సరే. ఇప్పుడు హద్దులు సరైనవే, కాటా సరైనదే, గంటలు సరైనవే. అయినా లెక్క కుదరడంలేదు. జబ్బున్న కుక్క ఇలా ఉండదు, జబ్బు లేని రక్తం ఇలా ఉండదు. రెంటినీ రోజూ చూస్తున్నాను.

బేకరీ ఆవిడకి కబురు పెట్టాను. ముప్పయ్యో తేదీ పొద్దున ఆ రెండో పిల్లని తీసుకుని వస్తానంది. ఆ పిల్లలందరికీ పాలు పట్టి పెంచిన మనిషి, జబ్బు పిల్లని నాకంటే బాగా చూసుకుంటుంది. మత్తు ఇచ్చి స్కానింగు గదిలోకి పంపడం నా వల్ల కాదు.

అమ్మమ్మ


కార్ఖానా హాస్టల్, మెట్ల మీద
ఏప్రిల్ 14

అమ్మమ్మా,

కుర్చీ ఖాళీ లేదు, మెట్ల మీద కూచుని రాస్తున్నాను.

బొత్తాంని స్కానింగుకి పంపకు. బేకరీ ఆవిడకి ఇవ్వకు. ఈ రెండూ చేసేముందు ఒక్క పని చెయ్యి. పొద్దున తాతయ్య నడకకి తీసుకెళ్ళేముందు దాన్ని కాటా మీద పెట్టు. తిరిగి గుమ్మంలోకి రాగానే మళ్ళీ పెట్టు. రెండూ నాకు రాయక్కర్లేదు. నువ్వు చూసుకుంటే చాలు.

ఎందుకని అడక్కు. ఎందుకో నాకు తెలుసు, మొన్నటి నుంచి తెలుసు. ఒకరికి చెప్పనని మాటిచ్చాను. తూచమని చెప్పను అని మాత్రం మాటివ్వలేదు. ఇలా సందులు వెతుక్కోవడం నీ దగ్గర నేర్చుకున్నదే, కాబట్టి నన్ను తిట్టేటప్పుడు అది కూడా లెక్కలోకి తీసుకో.

తూచాక వెంటనే ఎవరినీ ఏమీ అనకు. ఒక పూట ఆగు. నీకు ఆగడం కష్టమని తెలుసు.

చిట్టి


ఇల్లు, ముందుగది
ఏప్రిల్ 22

చిట్టికి.

పదిహేడో తేదీ తూచాను. వెళ్ళేటప్పుడు ఎనిమిది కిలోల మూడువందల పది. వచ్చాక ఎనిమిది కిలోల నాలుగువందల తొంభై. దారిలో స్తంభాల దగ్గర వదిలింది పోగా ఇది. నడిచొచ్చినవాళ్ళు ఎవరూ నూటఎనభై గ్రాములు పెరగరు.

పద్దెనిమిదిన కూడా తూచాను, పందొమ్మిదిన కూడా. నువ్వు ఒక పూట ఆగమన్నావు, నేను మూడు రోజులు ఆగాను.

ఇరవైన మీ తాతయ్య కాఫీ తాగుతుంటే మూడు రోజుల బరువులూ రాసిన కాగితం ఆయన ముందు పెట్టాను. చూశారు. కప్పు కింద పెట్టారు. "బేకరీ దగ్గర బెంచీ ఉంది" అన్నారు. అక్కడ కూచుని దానికి వెన్న రాసిన రొట్టె రెండు ముక్కలు, ఉడికిన గుడ్డు ఒకటి పెడుతున్నారట, నేను తగ్గించిన మర్నాటి నుంచి. పరీక్ష రోజు కూడానా అన్నాను. "ఆ రోజు మూడు ముక్కలు. ముందు రాత్రి నుంచీ ఏమీ తినలేదు కదా" అన్నారు. నేను పుస్తకం పట్టుకుని డాక్టరమ్మ ముందు ఎంత గట్టిగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

నాకు ఎందుకు చెప్పలేదు అన్నాను.

"నువ్వు అడగలేదు. నువ్వు చెప్పావు" అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే బావుండేది. తనలో తాను అనుకున్నట్టుగా, "అమ్మాయప్పుడూ అంతేగా" అన్నారు. అమ్మాయంటే మీ అమ్మ. పుట్టిన కొత్తలో దానికి నాలుగు గంటలకోసారే పాలు పట్టాలని అప్పటి పుస్తకాల్లో ఉండేది. నేను గడియారం చూసే పట్టాను. మీ అమ్మ మధ్యలో ఏడ్చేది కాదు. క్రమశిక్షణ అలవాటైందని అందరికీ చెప్పుకునేదాన్ని. ఏడవకపోవడానికి కారణం మీ తాతయ్య అని, వరండాలో సీసా పట్టుకుని కూచునేవారని నలభై నాలుగేళ్ళ తర్వాత తెలిసింది.

మూడో పరీక్ష నిన్న చేయించాను. ముందురోజు సాయంత్రం నుంచి కుక్కపిల్ల గొలుసు నా చేతిలోనే ఉంది, నడకకి కూడా నేనే వెళ్ళాను. రక్తం తేటగా ఉంది. కొవ్వు ఎనభై ఎనిమిది. స్కానింగు అక్కర్లేదు. పిల్లల హద్దులు పెట్టి చూసినా ఎర్రకణాలు మాత్రం ఇంకా ఒక్క పాయింటు కిందే ఉన్నాయి. దానికేం చెయ్యాలని అడిగాను. ఏమీ చెయ్యక్కర్లేదంది డాక్టరమ్మ. ఈసారి కుర్చీ చూపించి, కూచోబెట్టి చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న వంద కుక్కల్ని తీసుకుని, మధ్యలో పడ్డ తొంభై ఐదింటి అంకెల్ని హద్దులుగా అచ్చేస్తారట. అటు చివరా ఇటు చివరా మిగిలిన ఐదూ కూడా ఆరోగ్యంగా ఉన్నవేనట. ఇరవై రెండు అంశాలు కొలిస్తే ఎంత ఆరోగ్యమున్న కుక్కకైనా ఒకటి రెండు బయట పడటమే మామూలట. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు "సాధారణం కంటే ఒక డిగ్రీ తక్కువ" అని రిజిస్టర్లో రాశాను. ఆ రోజు వాతావరణానికి జబ్బు చేసిందని ఒక్కసారైనా అనుకోలేదు. ఇదెందుకు తట్టలేదో తెలియదు.

రక్తం సంగతి తేలింది. అయినా బేకరీ ఆవిణ్ణి రావద్దని చెప్పలేదు. ఎందుకని అడుగుతావు. ఈ ఇంట్లో నాకు తెలియకుండా ఏదీ జరగదనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. ఆ కుక్కపిల్ల తోక ఊపుకుంటూ వచ్చినప్పుడల్లా వరండా, సీసా గుర్తొస్తున్నాయి. తప్పు దానిది కాదని తెలుసు. తెలిసినంత మాత్రాన చూడగలనా అన్నది వేరే ప్రశ్న.

మీ తాతయ్య ఎప్పటిలాగే రెండు పూటలా దాన్ని నడకకి తీసుకెళ్తున్నారు.

అమ్మమ్మ


కార్ఖానా హాస్టల్, రెండో అంతస్తు
ఏప్రిల్ 26

అమ్మమ్మా,

ఇది ముప్పైలోపు అందాలని పరుగెత్తుకెళ్ళి వేస్తున్నాను, అందుకే చిన్న ఉత్తరం.

నేనూ దాచాను. తాతయ్య పదకొండున ఫోన్ చేశాడు. నువ్వు మార్కెట్‌కి వెళ్ళావని చూసి చేశాడు. ఆయన నాకు ఫోన్ చెయ్యడం ఎప్పుడైనా విన్నావా? నేనే అనుకోలేదు, ఎవరో పోయారనుకున్నాను. "పిల్లని మత్తిచ్చి కోస్తారేమోనే. దానికేం లేదు, నేనే తినిపించాను" అన్నాడు. మరి అమ్మమ్మకి చెప్పు తాతయ్యా అన్నాను. వెనకాల బొత్తాం ఊపిరి వినిపిస్తోంది. "చెప్పడం నాకు రాదే" అన్నాడు.

నీకు కోపం రావాల్సిందే. నా మీద ఎంతైనా పడు, వచ్చాక ఎదురుగా కూచుని తిట్లన్నీ వింటాను. కానీ అమ్మమ్మా, ఆయన నీకు అబద్ధం చెప్పడానికి అలా చెయ్యలేదు. నీకు ఎదురు చెప్పకుండా ఉండటానికి చేశాడు. ఆ రెండూ ఒకటే అంటావేమో. నాకు తెలీదు. ఒకటి కావనే అనిపిస్తోంది.

చిట్టి


ఇల్లు, వంటింటి బల్ల
మే 2

చిట్టికి ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇరవై తొమ్మిదో తేదీ సాయంత్రం అందింది. నాలుగుసార్లు చదివాను. చదివాక కూడా ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. మర్నాడు పొద్దున ఆవిడ తలుపు కొట్టేదాకా తెలియలేదు. ఇది రాయడానికి సిగ్గుపడటంలేదు.

బేకరీ ఆవిడ పదింటికి వచ్చింది. మోచేతుల దాకా పిండి, చేతిలో బుట్ట. బుట్టలో తోబుట్టువు, అదే రంగు, అవే చెవులు. బుట్టలోంచి తల బయటపెట్టి మన ఇల్లంతా చూసింది. మంచి పిల్లే. ముందుగదిలో కూచోబెట్టి మంచినీళ్ళిచ్చాను. "ఏదండీ మా పిల్ల" అంది. చూస్తే మీ తాతయ్య లేరు, బొత్తాం లేదు. వరండా చూశాను, పెరటి మెట్లు చూశాను. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. స్నానాలగది తలుపు లోపల గడియ పెట్టి ఉంది. తలుపు కింద సందులోంచి రెండు పాదాలు, ఒక తోక కనిపించాయి.

తలుపు తట్టాను.

"ఎవరూ?" అన్నారు.

పెళ్ళయి నలభై ఏడేళ్ళయింది. స్నానాలగది తలుపు తట్టింది ఎవరని అడుగుతున్నారు.

"నేనే. ఆవిడ వచ్చింది. దాన్ని తీసుకుని బయటికి రండి" అన్నాను.

కుళాయి తిప్పిన చప్పుడు. కట్టేసిన చప్పుడు. లోపల అది గోళ్ళతో తలుపు గీకుతోంది, ఆయన "ష్" అంటున్నారు. బేకరీ ఆవిడ బుట్టతో సహా లేచి నా వెనక వచ్చి నిలబడింది. అప్పుడు లోపలినుంచి, మామూలు గొంతుతోనే, "కుదరదు" అన్నారు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"కుదరదు. దాన్ని ఇవ్వను" అన్నారు. ఈసారి ఇంకాస్త గట్టిగా. నాకు మొదటిసారే స్పష్టంగా వినిపించింది. ఆయన నోట ఆ మాట ఇన్నేళ్ళలో వినలేదు, అందుకని ఇంకోసారి అడిగాను.

బేకరీ ఆవిడ నా వైపు చూసింది, ఏం చెయ్యమంటారన్నట్టు.

"మా ఆయన ఒప్పుకోవడం లేదండీ" అన్నాను. వీధిలో ఆడవాళ్ళందరూ పూటకోసారి అనే మాటే. అనే అవకాశం నాకు ఇన్నాళ్ళకి వచ్చింది.

అమ్మమ్మ